దండం పెట్టిన ఎముకలు

కల్నల్ తవీసక్‌కి సాక్షి దొరికాడు. ఆ సాక్షికి మాంసం లేదు, నెత్తురు లేదు, నోరు అసలే లేదు. కంప్యూటర్ తెర మీద ఒక తెల్లటి అస్థిపంజరం ఎడమ కాలి మీద నిలబడి, కుడి కాలిని మనిషి తల ఎత్తుకి విసిరింది. ఆ ఎడమ కాలికి మోకాలి కింద నుంచి చీలమండ దాటి పాదం దాకా ఒక స్టీలు ప్లేటు, దాన్ని పట్టి ఉంచిన స్క్రూలు నీలంగా మెరుస్తున్నాయి.

"చూశావా మలివాన్? కొరాట్ ఊరు మొత్తానికి కాల్లో ఇంత ఇనప సామాను మోస్తున్న బాక్సరు ఒక్కడే. దెన్‌ఫా. ఇంకేం కావాలి నీకు, వాడి జాతకమా?"

కెప్టెన్ మలివాన్ తెర దగ్గరికి వంగింది. నిన్న మధ్యాహ్నం దాకా ఈ కేసు ఆమెది. పత్రికలు ఎగబడగానే జిల్లా ఆఫీసు నుంచి కల్నల్ ఊడిపడ్డాడు. వచ్చిన గంటలో నిందితుణ్ణి పట్టేశాడు. ఇవాళ మూడింటికి విలేకరుల్ని పిలిచి, నిందితుడి చేత నేరం మళ్ళీ చేయించి చూపించే తతంగం పెట్టుకున్నాడు. అది టీవీల్లో వచ్చాక కోర్టు ఏం చెప్పినా ఊరు వినదు. ఇరవై మూడేళ్ళ దెన్‌ఫా బతుకు అక్కడితో సరి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఒకరికే పట్టింది.

చనిపోయినది అచాన్ వీరచై. అచాన్ అంటే ఆచార్యుడని. చేతులతో పాటు కాళ్ళతోనూ తలపడే ఇక్కడి బాక్సర్ల కదలికల్ని కొలిచే ఈ ల్యాబుకి పెద్ద ఆయనే. గురువారం సాయంత్రం హాల్లో పడి, శుక్రవారం పొద్దున ఊడ్చడానికి వచ్చిన మనిషికి కనిపించాడు. తల ఎడమ వైపు బలమైన దెబ్బ. కింద పడినప్పుడు, అడుగుల బలం కొలవడానికి నేలలో బిగించిన ఇనప పలక అంచు గుచ్చుకుని ఇంకో దెబ్బ.

"పోస్టుమార్టం డాక్టరు రాసింది విన్నావా?" కల్నల్ కాయితం ఊపాడు. "దెబ్బ ఆరింటికి. ప్రాణం పోయింది ఎనిమిది దాటాక. రెండు గంటలు కొట్టుకున్నాడు ముసలాయన. తన్నేసి, తలుపేసుకుని పోయాడు వెధవ. ఆ సాయంత్రం వాడు ఇదే బిల్డింగులో కాలికి వ్యాయామం చేయించుకుంటున్నాడు. నువ్వు ఇక రింగులోకి దిగడానికి పనికిరావని వాడికి రాసిచ్చింది ఈ ముసలాయనే. కారణం ఉంది, కాలుంది, రికార్డుంది."

"రికార్డు మొదట్నించీ చూశారా సార్?"

"తన్నే ముక్క పదిసార్లు చూశా. ముందున్న మొక్కులూ దండాలూ ఎవడికి కావాలి? కోడిగుడ్డుకి ఈకలు పీక్కుంటూ కూర్చో. నేను కుర్చీలు వేయించాలి."

ఆయన బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది. గదిలో మలివానూ, కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడూ మిగిలారు. కుర్రాడంటే ముప్ఫయ్యేళ్ళవాడే. అందరూ టుక్‌కే అంటారు. గోడల మీద పాకే పెద్ద బల్లి పేరది, చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు అలాగే ఉండిపోయింది. కుడి కన్ను కొద్దిగా తెల్లబడి ఉంది. కాయితం చదువుతున్నంతసేపూ వాడు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర వైపే తిరిగి ఉన్నాడు. మలివాన్ వాటిని తనే తీసి బల్ల మీద పెట్టింది.

"తమ్ముడూ, నాకు ఈ విద్య రాదు. ఈ ఎముకలు ఎక్కణ్ణించి వచ్చాయో చెప్పు."

"కెమెరాలకి ఎముకలు కనపడవు కెప్టెన్‌గారూ." అడిగినందుకు వాడికి సంతోషమే అయినట్టుంది. "ఒంటి మీద రేగిపండంత మెరిసే బంతులు అంటిస్తాం. గోడల మీది కెమెరాలు వాటినే చూస్తాయి. కంప్యూటర్‌కి తెలిసింది ఆ చుక్కలే. కానీ చుక్కలు చూస్తే కోచ్‌లకేం అర్థమవుతుంది? అందుకని వాటి మీద ఎముకల బొమ్మ తొడుగుతాం."

"ఎవరి ఎముకలు?"

"ప్రోగ్రాంతో పాటు ఒక సెట్టు వస్తుంది. ఎవడో ఆరడుగుల తెల్లోడివి. మనవాళ్ళకి తొడిగితే తాతగారి కోటేసుకున్నట్టుంటుంది. అందుకే ఒక్కొక్కళ్ళ స్కాన్ తెప్పించి, ఏ ఎముకకి ఆ ఎముక బొమ్మ విడిగా చేసి, ఆ ఎముక చోట కూర్చోబెడతాను. రంగు కూడా నేనే వేస్తా. దెన్‌ఫా కాలికి వారం పట్టింది. ప్రతి స్క్రూకీ మర తిప్పా. వాడు చూసుకుని, అన్నా, నా కాలు ఇంత అందంగా ఉందా అన్నాడు."

"మరి పొరపాటున ఒకరి చుక్కలకి ఇంకొకరి ఎముకలు తొడిగితే?"

టుక్‌కే మౌసు వదిలేశాడు. "అలా తొడగం."

"తొడగరు సరే. తొడిగితే కంప్యూటర్ తిడుతుందా?"

"తిట్టదు."

"ఏనుగు తొడ ఎముక పెడితే?"

పాపం, పనిమంతుడు. పని గురించి అడిగితే దాచుకోలేకపోయాడు. "ఏనుగుదైనా నడుస్తుంది కెప్టెన్‌గారూ. లెక్కలన్నీ చుక్కలవే. బొమ్మ బొమ్మే."

"రికార్డు చెరిపేయడం?"

"అది కుదరదు. కెమెరాలు ఆగగానే బాంకాక్‌లో ఉన్న పెద్ద కంప్యూటర్‌కి వెళ్ళిపోతుంది. ఇక్కడ బొమ్మ మార్చుకోవచ్చు, ముందూ వెనకా కత్తిరించుకోవచ్చు. అసలుది కావాలంటే వాళ్ళనడగాలి. సోమవారం గానీ తలుపులు తియ్యరు."

సోమవారానికి దెన్‌ఫా జైల్లో ఉంటాడు. మలివాన్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "గురువారం సాయంత్రం నువ్వెక్కడున్నావు?"

"ఐదున్నరకే ఇంటికెళ్ళిపోయా. అచాన్ ఒక్కరే ఉన్నారు."

"నువ్వూ బాక్సరువేగా? ఆ చెవులు చూస్తే తెలుస్తోంది."

"చిన్నప్పుడు. కన్ను పోయాక మానేశా."

"ఏ క్యాంపు?"

"ఇప్పుడది లేదులెండి."

"సరే. రికార్డు మొదట్నించి వెయ్యి."

"కల్నల్‌గారు తన్నే ముక్క చాలన్నారు..."

"నాకు చాలదు."

తెర మీద అస్థిపంజరం నడుచుకుంటూ వచ్చి ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుంది. కాలి వేళ్ళు నేలకి మడిచి, మడమల మీద బరువు దించింది. రెండు చేతులూ జోడించి, నేల మీద ఆనించి, తల వంచింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. బాక్సరు కాలెత్తే ముందు గురువుకి పెట్టే దండం అది. మలివాన్ తండ్రి క్యాంపు నడిపేవాడు. ఆడపిల్ల రింగు తాకకూడదు గనక ఆమె తాళ్ళ కింద నుంచి ఆ దండాలు వందల్లో చూసింది.

"ఆపు. అక్కడే ఆపు. బొమ్మని పక్కకి తిప్పు. పాదం దగ్గరికి తీసుకురా."

టుక్‌కే తిప్పాడు. ఎడమ పాదం చీలమండ దగ్గర బాగా వంగి ఉంది. ప్లేటు మాత్రం వంగలేదు. దాని కింది కొన పాదం ఎముకల్లోకి, కత్తి ముంజకాయలోకి దిగినట్టు దిగిపోయింది. రెండు స్క్రూల తలలు అరికాలి వైపు పొడుచుకొచ్చాయి.

"ఇదేంటి తమ్ముడూ?"

"ప్లేటు బొమ్మని మోకాలి కింది ఎముకకే అంటించాను. పాదం విడిగా కదులుతుంది. అందుకని..."

"వారం రోజులు ప్రతి స్క్రూకీ మర తిప్పినవాడివి, ఇది చూసుకోలేదా?"

టుక్‌కే కళ్ళు తెర మీదే ఉన్నాయి. "అవసరం రాలేదు," అన్నాడు మెల్లగా.

అవును మరి. దెన్‌ఫా నడిచినా, నిలబడినా ఆ చీలమండ వంగదు. వంగని కాలికి చేసిన బొమ్మలో ఆ లోపం బయటపడే సందర్భమే ఉండదు. మలివాన్ చెప్పులు చేత్తో పట్టుకుని హాల్లోకి దిగింది.

హాలు నడుమ నేలలో ఇనప పలకలు రెండు. వాటి అంచున ఎండిన మరక చుట్టూ సుద్ద గీత. తూర్పు గోడ మీద ఎప్పుడో పోయిన ఒక బాక్సింగ్ గురువు ఫొటో, దానికి దండ. ఇక్కడ ఎవరు రికార్డుకి వచ్చినా ముందు ఆ ఫొటోకే మొక్కుతారు. ఆమె ఫోనులో తీసుకున్న రికార్డుని మళ్ళీ చూసింది. పలకలు ఆ బొమ్మలో కూడా ఉన్నాయి. వాటిని బట్టి దిక్కు చూసుకుని, అస్థిపంజరం కూర్చున్న చోటే కూర్చుంది. తల ఎత్తింది. ఎదురుగా పడమటి గోడ. ఖాళీ గోడ. ఫొటో వీపు వెనక ఉంది.

గురువు బొమ్మకి వీపు పెట్టి దండం పెట్టే బాక్సరు ఈ దేశంలో ఉండడు. కాలు విరిగినా ఆ పని చెయ్యడు. అంటే వాడు మొక్కింది ఫొటోకి కాదు. పడమటి గోడకీ సుద్ద గీతకీ నడుమ మనిషి నిలబడేంత చోటుంది. తన్నులు కాచుకునే ప్యాడ్లు పట్టుకుని నిలబడేంత చోటు.

ప్యాడ్ల అర గోడకి ఆనించి ఉంది. కల్నల్ మనుషులు పైపైన చూసి వదిలేశారు. మలివాన్ చెయ్యి దూర్చి వెనక తడిమింది. వాడిపోయిన పూలకట్ట ఒకటి వచ్చింది. ఒక వంకాయ పువ్వు, నాలుగు నూరువరహాల పూలు, గుప్పెడు గరిక. అరటి నారతో కట్టి ఉంది. ఏడాదికోసారి, గురువారం నాడు, చదువు చెప్పినవాళ్ళ చేతిలో శిష్యుడు పెట్టే పూలు అవి. ఇది బడి కాదు, ఇక్కడ విద్యార్థులు లేరు.

అప్పటికే విలేకరులు వచ్చేశారు. గేటు బయట దెన్‌ఫా తల్లి జిగురన్నం బుట్ట ఒళ్ళో పెట్టుకుని నిన్నటి నుంచీ కూర్చుని ఉంది. ఎవరూ తినలేదు, ఆమె మూత తియ్యలేదు. బేడీలతో దెన్‌ఫాని లోపలికి తెచ్చారు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. జనం మీద పడతారేమోనని నెత్తిన హెల్మెట్, ఒంటికి పోలీసు కోటు. ఎదురుగా గడ్డితో కుట్టిన బొమ్మని నిలబెట్టారు, అది అచాన్ అన్నమాట.

"తన్ను," అన్నాడు కల్నల్, కెమెరాల వైపు కొంచెం తిరిగి.

"ఒక్క నిమిషం సార్," మలివాన్ మధ్యలోకి వచ్చింది. "రికార్డులో ఎలా జరిగిందో అలాగే చెయ్యాలిగా. ముందు దండం పెట్టాలి."

"టైం వేస్టు."

"విలేకరులకి మొత్తం చూపిస్తానన్నారు కదా మీరు?" విలేకరులు తలలూపారు. వాళ్ళకి ఎంత ఎక్కువైతే అంత మేలు. కల్నల్ పళ్ళు కొరికి సరేనన్నాడు.

"దెన్‌ఫా, కూర్చుని దండం పెట్టు. వేళ్ళు మడిచి, మడమల మీద."

కుర్రాడు ఆమె మొహంలోకి చూశాడు. "నా వల్ల కాదక్కా. ఆపరేషన్ అయ్యాక చీలమండ వంగదు. గుళ్ళో కూడా కాలు పక్కకి చాపుకుని కూర్చుంటా. అమ్మ తిడుతుంది, బుద్ధుడి వైపు పాదం పెట్టకురా అని."

"నటిస్తున్నాడు!" కల్నల్ గొంతు లేచింది. "కూర్చోబెట్టండి వాణ్ణి!"

ఇద్దరు కానిస్టేబుళ్ళు భుజాలు నొక్కారు. కుడి కాలు వంగింది. ఎడమ పాదం నేల మీద చెక్కలా జారిపోయింది, దెన్‌ఫా పక్కకి పడ్డాడు. కేక పెట్టలేదు గానీ మొహం పాలిపోయింది. వెనక వరసలో ఎవరో "అయ్యో, వదలండయ్యా" అన్నారు.

"చీలమండ ఇక వంగకూడదనే ఆ ప్లేటు వేశారు సార్," అంది మలివాన్. "ఆస్పత్రి ఎక్స్‌రే నా దగ్గరుంది. మీ సాక్షి మాత్రం హాయిగా మడమల మీద కూర్చున్నాడు. ప్లేటు పాదంలో దూరిపోయింది. తన్నే ముక్క ఒక్కటే చూస్తే అది కనపడదు."

"కంప్యూటర్ తప్పయ్యుంటుంది. కాలు వాడిదే. ఎముక వాడిదే!"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదు. మలివాన్ పై గది మెట్ల దగ్గర నిలబడి ఉన్న టుక్‌కేని పిలిచింది. "తమ్ముడూ, విలేకరుల కోసం పెట్టిన ఆ పెద్ద తెర మీద రికార్డు వెయ్యి. ఎముకలన్నీ తీసెయ్యి. చుక్కలు మాత్రం ఉంచు."

వాడు కదల్లేదు.

"నువ్వు తియ్యకపోతే ఇంకొకరిని పిలిపిస్తాను. నువ్వే తీస్తే బాగుంటుంది."

టుక్‌కే ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాడు. పుర్రె మాయమైంది. పక్కటెముకలు, తొడలు, వారం రోజులు చెక్కిన ఆ స్క్రూలు ఒక్కొక్కటీ పోయాయి. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు మిగిలాయి. చుక్కలు నడిచాయి. చుక్కలు కూర్చున్నాయి. చుక్కలు వంగి మూడుసార్లు దండం పెట్టాయి. ముందు వరసలో కూర్చున్న ముసలి కోచ్ ఒకాయన తనకి తెలియకుండానే చేతులు జోడించాడు.

"ఈ దండం తూర్పు గోడ ఫొటోకి కాదు," అంది మలివాన్. "పడమటి వైపు ప్యాడ్లు పట్టుకుని నిలబడ్డ మనిషికి. ఈ పూలు ప్యాడ్ల వెనక దొరికాయి. వంకాయ పువ్వు, గరిక. అచాన్ వీరచైని అందరూ పెద్ద డాక్టరనే ఎరుగుదురు. ఆయన్ని బాక్సింగ్ గురువుగా చూసి దండం పెట్టేవాళ్ళు ఎంతమంది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు టుక్‌కే చెయ్యి కుడి కంటి మీదికి పోయింది.

ముసలి కోచ్ గొంతు సవరించుకున్నాడు. "వీరచై మొదట బురీరమ్‌లో డ్రిల్లు మాస్టరమ్మా. బడి వెనక షెడ్డులో పిల్లలకి నేర్పేవాడు. తర్వాత చదువుకుని ఇటొచ్చాడు. షెడ్డు మూసేసినప్పుడు ఎవరూ లేని పిల్లాణ్ణి ఒకణ్ణి వెంట తెచ్చుకున్నాడని విన్నా."

"నేనే," అన్నాడు టుక్‌కే.

మలివాన్ పూలకట్ట వాడి ముందు పెట్టింది.

"ప్రతి ఏడూ పూలు పెడతాను కెప్టెన్‌గారూ. ఈసారి ఆయనే అడిగారు. ఎన్నాళ్ళయిందిరా నీ కాలు చూసి, ఒకసారి తన్ను, నీ ఎముకలు కూడా కంప్యూటర్‌లో చూద్దాం అన్నారు. బంతులు ఆయనే అంటించారు. ప్యాడ్ పట్టుకున్నారు. నాకు ఒక్క కన్నే. దూరం సరిగ్గా తెలీదు. ప్యాడ్ అంచు మీద నుంచి జారి..." వాడు పూలకట్టని దగ్గరికి లాక్కున్నాడు. "కావాలని కాదు. బుద్ధుడి మీద ఒట్టు."

"ఎవరినీ పిలవలేదా?"

"ఊపిరి చూశాను. లేదు. రికార్డు అప్పటికే బాంకాక్ వెళ్ళిపోయింది. ఇక్కడ నా చుక్కల మీద ఆ తెల్లోడి ఎముకలే పడి ఉన్నాయి, పొద్దున చూస్తే ఎవరని అడుగుతారు. భయమేసింది."

నేల మీద నుంచి లేస్తున్న దెన్‌ఫా అడిగాడు. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే. "నా ఎముకలే దొరికాయా అన్నా?"

టుక్‌కే వాడి వైపు చూడలేదు. "అన్నిట్లోకీ నీవే బాగా వచ్చాయిరా."

మలివాన్‌కి ఆ మాట విని ఒళ్ళు మండింది, జాలీ వేసింది. రెండూ పక్కన పెట్టింది. "తన్నాక జరిగిందంతా కత్తిరించావు. దండం ఎందుకు ఉంచావు? అది కూడా తీసేసి ఉంటే నేను నిన్ను పట్టుకోలేకపోయేదాన్ని."

"తెలుసు. చాలాసేపు అక్కడే మౌసు పెట్టి కూర్చున్నా. గురువుకి పెట్టిన దండం కొయ్యడానికి చెయ్యి రాలేదు కెప్టెన్‌గారూ."

కానిస్టేబుల్ దెన్‌ఫా చేతుల బేడీలు తీసి, టుక్‌కే వైపు వచ్చాడు. మలివాన్ చెయ్యెత్తి ఆపింది. అడగాల్సింది ఇంకొకటి ఉంది. అడగకుండా ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

"ఎముకలు మార్చడానికి ఎంతసేపు పట్టింది?"

"గంటన్నర. ఇంకొంచెం ఎక్కువేమో. ప్లేటు సరిగ్గా కూర్చోలేదు."

"ఎక్కడ కూర్చుని మార్చావు?"

"పై గదిలో. తలుపేసుకుని. ఆయన్ని చూడలేక. ఆ నిశ్శబ్దం భరించలేక హెడ్‌ఫోన్లు కూడా పెట్టుకున్నా."

మలివాన్ కల్నల్ చేతిలోంచి డాక్టరు కాయితం తీసుకుని, మడత విప్పి, వాడి ఎడమ కంటికి కనిపించేలా పట్టుకుంది.

"దెబ్బ ఆరింటికి తగిలింది తమ్ముడూ," అంది. "ప్రాణం పోయింది ఎనిమిది దాటాక."

టుక్‌కే ఆ గీత రెండుసార్లు చదివాడు. తెర మీద రికార్డు ఆగకుండా మళ్ళీ మొదటికి వచ్చింది. చుక్కలు నడిచొచ్చి, కూర్చుని, దండం పెట్టడం మొదలుపెట్టాయి.

"ఆపండి," అన్నాడు టుక్‌కే. "దయచేసి అది కోసెయ్యండి."

ఎవరూ ముట్టుకోలేదు.